ఇద్దరూ కలిసి కాలినడకన ఒక రోజు: హైదరాబాద్ పాతబస్తీ సమగ్ర మార్గదర్శి

పాతబస్తీలో చూడాల్సినవి దాదాపు ఒకే దారి వెంట ఉన్నాయి. మూసీ మీది నయాపూల్ వంతెన నుంచి చార్మినార్‌కి కిలోమీటరు పైచిలుకు. అక్కణ్ణుంచి మక్కా మసీదు కూతవేటు దూరం, చౌమహల్లా ప్యాలెస్ పది నిమిషాల నడక. రానూపోనూ అంతా కలిపినా ఎనిమిది, తొమ్మిది కిలోమీటర్లకు మించదు. అయినా చాలా జంటలు సాయంత్రానికి నాలుగు ఫొటోలు, బోలెడు తలనొప్పితో ఇంటికి చేరుతుంటాయి. కారణం దూరం కాదు, వరుస. పదకొండింటికి బయల్దేరి నేరుగా చార్మినార్ దగ్గర ఆటో దిగితే ఎండ, రద్దీ, ఆకలి మూడూ ఒక్కసారే మీద పడతాయి. అదే దారిలో పొద్దున్నే ఏటి ఒడ్డు నుంచి మొదలుపెట్టి, మధ్యాహ్నం నీడలో గడిపి, సాయంత్రం బజారుకు చేరితే రోజంతా తిరిగినా ఓపిక మిగులుతుంది. కింది క్రమం ఆ లెక్కతోనే వేసింది.

ముందుగా, ఏ రోజు వెళ్లాలో ఎంచుకోండి

శుక్రవారం వద్దు. చౌమహల్లా, సాలార్‌జంగ్ మ్యూజియం, పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం మూడింటికీ ఆ రోజే సెలవు. పైగా జుమ్మా నమాజు వల్ల మధ్యాహ్నం మక్కా మసీదు చుట్టూ కాలు పెట్టే సందుండదు. ఆదివారం అన్నీ తెరిచే ఉంటాయి గానీ జనం కూడా అంతే ఉంటారు. ఇద్దరిలో ఒకరు సెలవు పెట్టగలిగితే మంగళ, బుధ, గురువారాల్లో ఏదైనా మేలు.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా నడవొచ్చు. ఏప్రిల్, మేలో ఈ పథకం పనిచేయదు. మధ్యాహ్నం పన్నెండుకే రాతి నేల కాలిపోతుంటుంది. గణేశ్ నిమజ్జనం రోజు, మొహర్రం పదో రోజు ఊరేగింపులు ఈ దారుల్లోనే సాగుతాయి కాబట్టి రోడ్లు మూసేస్తారు. రంజాన్ నెల సంగతి వేరు. పగలు హోటళ్లు చాలావరకు మూసి ఉంటాయి, బజారు మాత్రం అర్ధరాత్రి దాటినా వెలిగిపోతూ ఉంటుంది. ఆ నెలలో వెళ్లేవాళ్లు ఈ క్రమాన్ని పక్కనబెట్టి సాయంత్రం నాలుగింటికి బయల్దేరడం మంచిది.

సంచిలో ఏముండాలి

ఇద్దరికీ కలిపి ఒకే సంచి చాలు. రెండు సంచులుంటే రద్దీలో రెండింటి మీదా కన్నేసి ఉంచాలి. రెండు లీటర్ల నీళ్లు, ఒక పల్చటి పెద్ద చున్నీ, రెండు జతల మేజోళ్లు, పవర్‌బ్యాంక్, చేతిరుమాళ్లు, ఇద్దరి ఆధార్ కార్డులు పెట్టుకోండి. మేజోళ్లు ఎందుకంటే, మసీదులో చెప్పులు వదిలేశాక మిగిలేది రాతి నేలే. సులువుగా విప్పి తొడుక్కునే బూట్లు వేసుకోండి, లేసులున్నవి విసుగు పుట్టిస్తాయి. కొత్త చెప్పులతో అసలు రావద్దు. చార్మినార్ చుట్టూ పరిచిన రాళ్లు, సందుల్లో గతుకులు కలిసి రెండు గంటల్లోనే మడమ దగ్గర బొబ్బ లేపుతాయి.

మగవాళ్లు షార్ట్స్ మానేసి ప్యాంటు వేసుకోవాలి. ఆడవాళ్లకు సల్వార్ కమీజ్ అన్నిటికంటే అనుకూలం. చీరైనా ఇబ్బంది లేదు గానీ చార్మినార్ మెట్లు ఇరుకు, ఎత్తు కాబట్టి కుచ్చిళ్లు కాస్త పైకి కట్టుకోవాలి.

డబ్బు విషయానికొస్తే, చార్మినార్ టిక్కెట్ భారతీయులకు కౌంటర్‌లో 25 రూపాయలు, ఆన్‌లైన్‌లో 20. చౌమహల్లాతో కలిపి ఇద్దరి టిక్కెట్లకు ఐదొందలు పక్కన పెట్టుకుంటే సరిపోతుంది. చాయ్ బండి మీద కూడా యూపీఐ నడుస్తుంది గానీ సాయంత్రం రద్దీలో నెట్‌వర్క్ మొరాయిస్తుంది. పది, ఇరవై, యాభై నోట్లు కలిపి ఓ ఆరేడొందలు జేబులో ఉంచుకోండి.

ఎలా చేరాలి

కారు తేవద్దు. పార్కింగ్ వెతకడంలోనే ఒక పూట పోతుంది. మెట్రోలో ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) స్టేషన్‌లో దిగండి. మియాపూర్–ఎల్బీనగర్ రెడ్ లైన్, జేబీఎస్ నుంచి వచ్చే గ్రీన్ లైన్ రెండూ అక్కడే కలుస్తాయి. విజయవాడ, కర్నూలు, నల్గొండ వైపు నుంచి రాత్రి బస్సులో వచ్చేవాళ్లకు ఇంకా సులువు, బస్టాండు పక్కనే ఉంది. సామాన్లు క్లోక్‌రూమ్‌లో పెట్టేసి నడక మొదలుపెట్టొచ్చు. సిటీ బస్సులో వస్తే మాత్రం ఒక చిత్రం: మహాలక్ష్మి పథకం కింద తెలంగాణ చిరునామాతో ఆధార్ ఉన్న ఆవిడకు సున్నా టిక్కెట్, ఆయనకు మాత్రం డబ్బులు పడతాయి. ఒరిజినల్ కార్డు చూపించాలి.

స్టేషన్‌లోనే ఒకసారి టాయిలెట్‌కి వెళ్లి రండి. దారిలో శుభ్రమైన చోటు, ముఖ్యంగా ఆడవాళ్లకు, మళ్లీ చౌమహల్లాలోనే దొరుకుతుంది.

ఉదయం 6:45 — మూసీ ఒడ్డు

బస్టాండు నుంచి అఫ్జల్‌గంజ్ మీదుగా నయాపూల్ వైపు నడవండి, పావుగంట పైన పడుతుంది. నదికి ఉత్తరపు ఒడ్డున గుమ్మటాలతో కనిపించేది ఉస్మానియా ఆస్పత్రి పాత భవనం. వంతెన దాటాక కుడిచేతి వైపు ఎర్రరాయి, గులాబీ రాయి కలిసిన హైకోర్టు, 1920లో ప్రారంభమైంది. రెండింటి రూపకల్పనలోనూ విన్సెంట్ ఎష్ అనే ఇంగ్లీషు వాస్తుశిల్పి చేయి ఉంది.

వంతెన మీద రెండు నిమిషాలు ఆగి నీటివైపు చూస్తే, ఈ మురికి కాలువేనా ఊరిని ముంచింది అనిపిస్తుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆస్పత్రి ఆవరణలోని అఫ్జల్ పార్కులో ఉన్న చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా బతికారని చెబుతారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పుట్టింది. ఇంకో పది నిమిషాల్లో మీరు నడవబోయే పత్తర్‌గట్టి రాతి కమాన్ల వరస ఆ బోర్డు కట్టించిందే. అందుకే వరద కథ తెలుసుకుని నడిస్తే ఆ వీధి వేరేలా కనిపిస్తుంది.

7:15 — పత్తర్‌గట్టి, చార్‌కమాన్

మదీనా చౌరస్తా దాటి నేరుగా దక్షిణానికి వెళ్లండి. ఈ వేళకు షట్టర్లన్నీ మూసే ఉంటాయి. కొనడానికి పనికిరాని ఈ వేళే చూడటానికి సరైనది. పది దాటాక బట్టల కొట్ల ముందు వేలాడే తోరణాలు, ముత్యాల దుకాణాల బోర్డులు రాతి పనిని కప్పేస్తాయి.

ఎదురుగా మచ్లీ కమాన్ వస్తుంది. దాని కింద నుంచి లోపలికి వెళ్తే గుల్జార్‌హౌజ్, నడిబొడ్డున ఒక చిన్న ఫౌంటెన్. ఆ ఫౌంటెన్ దగ్గర నిలబడి ఒక చుట్టు తిరగండి. ఉత్తరాన మచ్లీ కమాన్, తూర్పున కాలీ కమాన్, దక్షిణాన చార్మినార్ కమాన్, పడమర షేర్-ఎ-బాతిల్ కీ కమాన్. పడమటి కమాన్ రాజప్రాసాదాల వైపు దారి. దక్షిణపు కమాన్‌లో సరిగ్గా నడిమధ్యన చార్మినార్ ఇమిడి కనిపిస్తుంది. ఆ ఫొటో బాగా రావాలంటే ఏడున్నర లోపే తీయాలి, ఆ తర్వాత ఆటోలు అడ్డం.

7:45 — చార్మినార్ బయట, తర్వాత టిఫిన్

లోపలికి వెళ్లడానికి ఇంకా టైముంది. ముందు బయట నుంచి ఒక ప్రదక్షిణ చేయండి. ఒక్కో ముఖం సుమారు 20 మీటర్లు. మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1591లో కట్టించాడు. నాలుగు వైపులా కనిపించే గడియారాలు మాత్రం ఆయన కాలానివి కావు, 1889లో పెట్టినవి. పొద్దున తూర్పు ముఖం మీద ఎండ పడుతుంది కాబట్టి ఇప్పుడు ఇద్దరి ఫొటో అటువైపు తీసుకోండి. సాయంత్రం గాజుల వీధి లాడ్‌బజార్ వైపు నుంచి తీస్తే పడమటి వెలుగు దొరుకుతుంది. ఫోన్‌ను నేలకు దగ్గరగా పెట్టి పైకి ఎత్తి తీస్తే మినార్లు లోపలికి వాలినట్టు వస్తాయి. వీలైనంత వెనక్కి నడిచి, ఫోన్ నిటారుగా పట్టుకుంటే ఆ తేడా తగ్గుతుంది.

టిఫిన్‌కి వచ్చిన దారినే గుల్జార్‌హౌజ్ వరకు వెనక్కి నడవండి. అక్కడి దోసె బండ్ల దగ్గర పెనం మీద దోసె పరిచి, అందులోనే వెన్న, ఉప్మా, ఉల్లి, టమాటా, కారప్పొడి వేసి గరిటెతో నలిపి పూస్తారు. ఇద్దరూ చెరొకటి చెప్పకండి. ఒక దోసె, ఒక ఇడ్లీ చెప్పి పంచుకుంటే చాలు, ఆ వెన్న మధ్యాహ్నం దాకా పొట్టలో బరువుగానే ఉంటుంది. మాంసాహారం అలవాటున్నవాళ్లు మదీనా వైపు పాత హోటళ్లలో నహారీ, కుల్చా తినొచ్చు. రాత్రంతా సన్నసెగ మీద ఉడికిన ఆ పులుసు పొద్దున్నే బాగుంటుంది, తొమ్మిది దాటితే గిన్నె అడుగుకు వచ్చేస్తుంది.

9:30 — చార్మినార్ పైకి

కౌంటర్ తెరిచేసరికి మీరు వరుసలో ముందుండాలి. ఇది ఖచ్చితంగా పాటించాల్సిన సమయం. మెట్లదారి సన్నటి మలుపుల దారి. ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు ఒకరినొకరు ఒరుసుకుంటూ పోవాలి. జనం నిండితే అందులో ఊపిరాడనట్టు ఉంటుంది. ఇరుకు చోటంటే భయమున్నవాళ్లు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎక్కకపోవడమే మంచిది. కింద నుంచి చూసినా పెద్దగా పోయేదేం లేదు. మినార్ చివరి దాకా 149 మెట్లున్నా సందర్శకులను పంపేది మొదటి అంతస్తు వరకే. పై అంతస్తులో, పడమటి వైపు, మసీదు ఉంది.

మెట్లెక్కేటప్పుడు ఫోన్ జేబులో పెట్టి ఒక చేయి గోడకు ఆనించండి. పైకి వెళ్లాక నాలుగు వైపులూ చూడండి. ఉత్తరాన కమాన్లు, నైరుతిన మక్కా మసీదు, పడమర లాడ్‌బజార్. ఈ ఊరిని నాలుగు దారుల కూడలి చుట్టూ గీత గీసి కట్టారన్న సంగతి కాగితం మీద చదివితే అర్థం కాదు, ఇక్కడ కళ్లెదుటే కనిపిస్తుంది. అరగంట చాలు.

10:15 — మక్కా మసీదు

మధ్యాహ్నపు నమాజుకు ముందే చూసేయాలి, అందుకే ఈ వేళ. ఆవరణలోకి ఎవరైనా వెళ్లొచ్చు. ఆడవాళ్లు తల కప్పుకోవాలి, ప్రార్థనా మందిరం లోపలికి మాత్రం వెళ్లకూడదు. దర్వాజా దగ్గర చెప్పులు వదిలేటప్పుడు రెండు జతలూ ఒకే చోట పెట్టి గుర్తు పెట్టుకోండి.

ఆరో కుతుబ్‌షాహీ సుల్తాను మహమ్మద్ కుతుబ్‌షా 1617లో పని మొదలుపెట్టించాడు. పూర్తయింది 1694లో, ఔరంగజేబు చేతిలో. అంటే కట్టించడం మొదలుపెట్టిన వంశం పోయి, గెలిచినవాడు ముగించాడన్నమాట. ప్రధాన మందిరం 67 మీటర్ల పొడవు, 54 మీటర్ల వెడల్పు, 23 మీటర్ల ఎత్తు. మక్కా నుంచి తెచ్చిన మట్టితో చేసిన ఇటుకలను మధ్య కమాన్‌లో పెట్టారని, అందుకే ఆ పేరని చెబుతారు. ఆవరణలో ఒక పక్కన ఆసఫ్‌జాహీల సమాధుల వరస ఉంది. రెండో నిజాం నుంచి ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ వరకు అక్కడే ఉన్నారు.

పావురాల గుంపులోకి పరుగెత్తి వీడియో తీసుకోవడం ఇక్కడ రివాజైపోయింది. అది మసీదు ఆవరణ. గింజలు కొని వేయండి, అవే లేస్తాయి. మీకు తోడుగా వచ్చి కథలు చెప్పే ‘గైడ్లు’ చివర్లో ఎంతడుగుతారో ముందు తేల్చుకోండి, లేదంటే మొదటి మాటకే వద్దని చెప్పండి.

11:00 — ఇరానీ చాయ్

మసీదు పక్కన, చార్మినార్ ఎదురుగా ఇరానీ కేఫ్‌లున్నాయి. డికాక్షన్ ఒక పాత్రలో మూతపెట్టి గంటల తరబడి మరుగుతుంటుంది, పాలు వేరే పాత్రలో చిక్కబడుతుంటాయి. రెండూ కప్పులోనే కలుస్తాయి. అందుకే ఇంట్లో ఎన్నిసార్లు కాచినా ఆ రంగు రాదు. ఉప్పు, తీపి కలిసిన ఉస్మానియా బిస్కెట్లు నాలుగు చెప్పండి. ఇంటికి తీసుకెళ్లడానికి ఇప్పుడే కొనకండి, సాయంత్రానికి సంచిలో పొడైపోతాయి.

11:30 — చౌమహల్లా, రోజులో ఎక్కువ సేపు ఇక్కడే

మసీదు వెనక వైపు నుంచి ఖిల్వత్ దారి పట్టండి. ఎండ ముదిరే రెండున్నర గంటలు ఇక్కడ నీడలో గడపాలి, ఈ క్రమానికి కీలకం ఇదే. 1750లో సలాబత్‌జంగ్ మొదలుపెట్టిన నిర్మాణం ఐదో నిజాం అఫ్జలుద్దౌలా కాలంలో ముగిసింది. నాలుగు మహళ్లు: అఫ్జల్, మహతాబ్, తహనియత్, ఆఫ్తాబ్.

ముందు ఖిల్వత్ ముబారక్ చూడండి. దర్బారు హాలు, మధ్యలో పాలరాతి గద్దె, పైన 19 బెల్జియం స్ఫటికపు షాండ్లియర్లు. లోపలికి వెళ్లగానే అందరూ గద్దె ముందు గుమిగూడతారు. మీరు హాలు చివరి స్తంభం పక్కకు వెళ్లి పైకి చూడండి, షాండ్లియర్ల వరస అక్కడి నుంచే పూర్తిగా కనిపిస్తుంది. సున్నంతో చేసిన గచ్చుపని అంచులు కూడా అక్కడే దగ్గరగా చూడొచ్చు. తర్వాత ఫొటోలు, దుస్తులు, ఆయుధాల గదులు. దక్షిణపు ఆవరణ చుట్టి, చివరగా కార్ల షెడ్డుకు వెళ్లండి. 1912 నాటి రోల్స్‌రాయిస్ సిల్వర్ గోస్ట్ అక్కడే ఉంది. కార్ల దగ్గర మొదలుపెట్టినవాళ్లు అక్కడే ముప్పావుగంట గడిపేసి దర్బారు హాలుకు అలసిపోయి వస్తారు, అందుకే ఈ వరస.

నీటి తొట్టి గట్టున ఇరవై నిమిషాలు ఊరికే కూర్చోండి. మధ్యాహ్నం కాళ్లకు విశ్రాంతి ఇవ్వకపోతే సాయంత్రం బజారులో ఇద్దరికీ చికాకు పుడుతుంది. బయటకు వచ్చే ముందు టాయిలెట్ మర్చిపోవద్దు.

సాలార్‌జంగ్ మ్యూజియం ఎక్కడ అని అడుగుతారేమో. ఈ రోజు వద్దు. వీల్డ్ రెబెక్కా పాలరాతి విగ్రహం, గంటకోసారి బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టే గడియారం, ఇంకా వేల వస్తువులున్న ఆ మ్యూజియానికి ఒక పూట ప్రత్యేకంగా కావాలి. రెండూ ఒకే రోజు పెట్టుకున్నవాళ్లు రెండింటినీ సగం సగమే చూస్తారు. గోల్కొండ సంగతి చెప్పనే అక్కర్లేదు.

2:00 — భోజనం

శాలిబండ వైపు ఏడెనిమిది వందల మీటర్లు నడిస్తే పేరున్న బిర్యానీ హోటళ్లున్నాయి. సింగిల్ బిర్యానీ ఒకటి, కబాబ్ లేదా రుమాలీ రోటీతో కూర ఒకటి, ఇద్దరికీ ఇంతే. చెరొక బిర్యానీ తింటే మూడింటికి నిద్ర ముంచుకొస్తుంది. ఇక్కడిది కచ్చీ బిర్యానీ: మసాలా పట్టించిన పచ్చిమాంసం మీద సగం ఉడికిన బియ్యం పేర్చి, మూతకు పిండి అంటించి దమ్ పెడతారు. అడుగున కారం, పైన తెల్లటి మెతుకు ఉంటుంది కాబట్టి వడ్డించుకునేటప్పుడు గరిటె నిలువుగా దించి తీయండి. శాకాహారులకు శాలిబండ వైపు ఎంపిక తక్కువ. వాళ్లు గుల్జార్‌హౌజ్, ఘాన్సీ బజార్ పక్కకు వెళ్తే మార్వాడీ కచోరీ, పూరీ, లస్సీ దొరుకుతాయి.

3:30 — మహబూబ్ చౌక్ నుంచి లాడ్‌బజార్

లాడ్‌బజార్‌లోకి అందరూ చార్మినార్ వైపు నుంచి వస్తారు. మీరు పడమటి కొస, మహబూబ్ చౌక్ గడియారపు బురుజు దగ్గర నుంచి మొదలుపెట్టండి. ఆ చివర కొట్లలో జనం తక్కువ, బేరానికి ఓపిక ఎక్కువ. అరకిలోమీటరు నడిచి చార్మినార్ చేరేసరికి దీపాల వేళవుతుంది.

ఇక్కడ అసలు సరుకు లక్క గాజులు. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సందుల్లో చిన్న గదుల్లో పని జరుగుతుంటే అడిగి చూడండి, చాలామంది కాదనరు. నిప్పుల మీద లక్క ముద్ద మెత్తబడగానే సన్నటి కడ్డీలా దొర్లిస్తారు, గుండ్రటి కర్ర అచ్చు మీద వంచి కొసలు కలుపుతారు, మళ్లీ వేడి చూపించి ఒక్కో రాయిని కొనతో ఎత్తి లక్కలోకి నొక్కుతారు. చల్లారేలోపు వరస పూర్తవ్వాలి, వేళ్లు ఆగవు. ఇలా లక్కలో దిగిన రాయి గోటితో గీకినా కదలదు. జిగురుతో అంటించింది అంచు దగ్గర లేస్తుంది. కొనేముందు రెండు మూడు రాళ్లను గోటితో అలా చూడండి.

సైజు దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. 2-4 అంటే లోపలి వ్యాసం రెండంగుళాల మీద పదహారింట నాలుగు వంతులు, సుమారు 57 మిల్లీమీటర్లు. 2-6 అంటే 60, 2-8 అంటే 63.5. రోజంతా ఎండలో నడిచిన చేతులు సాయంత్రానికి కాస్త ఉబ్బుతాయి. అప్పుడు సరిపోయినవి మర్నాడు వదులవుతాయి. ఇంటి నుంచి సరిపడే పాత గాజు ఒకటి తెచ్చుకుని దానితో పోల్చి చూడండి. లక్కకు సాగే గుణం లేదు, బలవంతంగా తొడిగితే విరుగుతుంది.

ధర తెలియాలంటే ఒకే డిజైన్ మూడు కొట్లలో అడగండి, నాలుగో చోట బేరమాడండి. చెప్పినదాంట్లో సగం దగ్గర మొదలుపెడితే ఎవరూ ఏమీ అనుకోరు. బేరం ఒక్కరే చేయాలి. ఆవిడ తగ్గించమని అడుగుతుంటే ఈయన పక్క నుంచి ‘బాగుంది, తీసేసుకో’ అన్నాడంటే ధర అక్కడే ఆగిపోతుంది. గాజుల మీద ఆసక్తి లేని వాళ్లు చౌక్ చుట్టూ అత్తరు కొట్లు చూసి రావచ్చు. అత్తరు మూడు, నాలుగు రకాలకు మించి వాసన చూస్తే ముక్కు తేడా పట్టదు. చేతికి రాయించుకుని పావుగంట తిరిగాక నిలిచిన వాసన నచ్చితేనే చిన్న సీసా తీసుకోండి.

విడిపోయేటప్పుడు ‘చార్మినార్ దగ్గర కలుద్దాం’ అనుకోవద్దు. దానికి నాలుగు ముఖాలు, సాయంత్రం ఫోన్ కలవదు. పొద్దున చాయ్ తాగిన కేఫ్ గుమ్మం అనుకోండి, టైము కూడా చెప్పుకోండి.

6:30 తర్వాత

చార్మినార్ మీద దీపాలు వెలిగేది ఇప్పుడే. ఇంకో చాయ్, ఉస్మానియా బిస్కెట్ల డబ్బా కొనడానికి ఇదే సమయం. ముత్యాలు కొనాలనుకుంటే తిరుగుదారిలో పత్తర్‌గట్టి ఉండనే ఉంది. నిప్పు మీద కాల్చి చూపించే పరీక్షను చూసి మురిసిపోకండి. అది ప్లాస్టిక్ కాదని మాత్రమే చెబుతుంది, నాణ్యత చెప్పదు. రెండు ముత్యాలను ఒకదానితో ఒకటి రుద్దితే అసలువి కాస్త గరగరలాడతాయి. దండలో పూస పూసకీ మధ్య ముడి ఉందా, రంగు, సైజు మొదటి నుంచి చివరిదాకా ఒకేలా ఉన్నాయా చూసి, బిల్లులో ముత్యం రకం, బరువు రాయించుకోండి.

తిరిగి నడిచే ఓపిక లేకపోతే చార్మినార్ దగ్గర ఆటో ఎక్కకండి, అక్కడ నోటికొచ్చింది అడుగుతారు. కమాన్లు దాటి మదీనా దాకా నడిచి, యాప్‌లో బుక్ చేసుకుంటే ఎంజీబీఎస్‌కి తక్కువలో పోతుంది. గాజుల పెట్టెను సంచి అడుగున కాకుండా చేతిలో పట్టుకోండి. ఇంటికి వెళ్లాక ఎండ తగిలే కిటికీ పక్కనా, పార్క్ చేసిన కారులోనూ ఉంచొద్దు, వేడికి లక్క మెత్తబడి రాళ్లు జారిపోతాయి.